చెల్లదని రాసిన అరగంట

రేవులో ఆమెను అందరూ కొలతలమ్మ అనేవారు. మొదట్లో వెటకారానికే అన్నారు. చదువుకున్న ఆడమనిషి రోజంతా కిటికీ పక్కన కూర్చుని అలల ఎత్తు రాసుకోవడం వాళ్లకు నవ్వులాటగా ఉండేది. "ఇవాళ ఎన్నొచ్చాయమ్మా? నిన్నటివి తిరిగెళ్లిపోయాయా?" అని మెట్ల మీద ఎదురైన వాళ్లల్లా అడిగేవారు. ఏడాది తిరిగేసరికి వెటకారం అరిగిపోయింది, పేరు మాత్రం మిగిలింది.

ఆమె ఆఫీసు ఐసు ఫ్యాక్టరీ పైన రెండో అంతస్తులో ఉండేది. కింద ఐసుదిమ్మలు కోసే రంపం మొదలైతే పైన గ్లాసుల్లో నీళ్లు వణికేవి. అక్కడ జరిగే పనల్లా ఒకటే. అలల నుంచి కరెంటు తీయడానికి ఈ తీరంలో సత్తా ఉందా లేదా తేల్చడం. సముద్రంలో మూడు చోట్ల, మనిషి నడుమెత్తు ఉండే పసుపుపచ్చ గోళాలను గొలుసులతో అడుక్కి కట్టి వదిలారు. అల లేస్తే అవీ లేస్తాయి, అల దిగితే దిగుతాయి. ఎంత ఎత్తు లేచాయో, ఒక అలకూ ఇంకో అలకూ మధ్య ఎన్ని సెకన్లు పట్టిందో అరగంటకోసారి రేడియోలో ఆఫీసుకు చెప్తాయి. కాగితాల్లో వాటికేదో పెద్ద పేరుంది. రేవులో మాత్రం గుండ్లు అనేవారు.

మీటరు వెడల్పు అలలో ఏడాది సగటున ఇరవై కిలోవాట్ల శక్తి ఉందని తేలితే యంత్రాలు దింపుతారు. లేదంటే పెట్టేబేడా సర్దుకుని ఇంకో తీరం చూసుకుంటారు. పది నెలల లెక్క పద్దెనిమిది దగ్గర ఆగింది. మిగిలిన రెండు నెలలూ తుఫాన్ల కాలం. అల ఎత్తు రెట్టింపయితే శక్తి నాలుగింతలవుతుంది కాబట్టి, సరైన తుఫాను ఒక్కటొస్తే చాలు, సగటు గట్టెక్కుతుంది. చేపలు తగ్గి పడవలు ఒడ్డెక్కిన ఆ ఊళ్లో సగం ఇళ్లు ఆ యంత్రాల మీదే ఆశ పెట్టుకున్నాయి. కొలతలమ్మ కూడా పెట్టుకుంది. తన సొంత ఊరికి తన చేతి మీదుగా ఒక మంచి జరగాలని ఎవరికుండదు.

గుండ్ల దగ్గరకు వెళ్లి రావడానికి ఆఫీసు మాట్లాడుకున్న పడవ ఆమె అన్నదే. అన్న ఆమెకంటే పదకొండేళ్లు పెద్ద. పదిహేనో ఏట చుక్కాని పట్టాడు. తండ్రి పోయాక ఆమె చదువంతా ఆ పడవ మీదే నడిచింది. మాట కన్నా నవ్వు ముందొచ్చే మనిషి.

పదకొండో నెలలో అన్నిటికన్నా దూరంగా ఉన్న గుండు మూగబోయింది. రెండు రోజులు చూశారు, పలకలేదు. అప్పటికే వాతావరణ శాఖ వాళ్లు దూరంలో తుఫాను తయారవుతోందని, మూడు రోజుల్లో ఇటు వస్తుందని చెప్తున్నారు. డైరెక్టరు ఆమెను గదిలోకి పిలిచాడు. "నెల కొలతల్లో పదోవంతు కన్నా ఎక్కువ పోతే ఆ నెల మొత్తాన్ని లెక్కలోకి తీసుకోరు. తుఫాను టైముకి ఆ గుండు లేచి ఉండాలి. మీ అన్నకు నువ్వు చెప్తేనే బావుంటుంది" అన్నాడు.

మర్నాడు పొద్దున ఎనిమిదింటికి ఆమె జెట్టీకి దిగింది. అన్న పడవ అంచు మీద కూర్చుని ఒక తాడు చిక్కు తీస్తున్నాడు.

"ఏమ్మా, పొద్దున్నే దిగావు. గుండు పడుకుందా?"

"మూడో రోజన్నయ్యా పలక్కుండా. బ్యాటరీ అయిపోయుంటుంది."

"మీ డైరెక్టరు గుండు బానే మెరుస్తోందిగా. దాన్నే కట్టి వదలకపోయారా?"

ఆమె నవ్వింది. అతను మాత్రం అప్పటికే నవ్వు ఆపి నీళ్లవైపు చూస్తున్నాడు.

"పైకి బానే కనపడుతోంది. కింద నుంచి తోస్తోంది. తాళ్లు చూడు, గాలి లేకుండానే బిగుసుకుంటున్నాయి, వదులవుతున్నాయి. నాకు నచ్చలా. ఎల్లుండి పోయాక వెళ్దాంలే."

"ఎల్లుండి పోయాక ఎందుకన్నయ్యా ఇంక? కొలవాల్సింది ఆ ఎల్లుండినే కదా."

"ఎంతుంటుందంటావు ఇవాళ?"

"సాయంత్రం దాకా రెండున్నర మీటర్లు దాటదు."

ఆ మాటలో అబద్ధం లేదు. కంప్యూటరు అదే చెప్పింది. కానీ పొద్దున్నుంచీ మిగతా రెండు గుండ్లూ ఇంకో మాట కూడా చెప్తున్నాయి. అలకూ అలకూ మధ్య వ్యవధి పదకొండు సెకన్ల నుంచి పదిహేనుకు పెరిగింది. దూరపు తుఫాను తన కబురు ముందుగా పంపేది అలాగే. కొలతలమ్మకు అది తెలుసు. తెలిసీ, ఆ పదిహేనును చూసినప్పుడు ఆమెకు తట్టింది ఒకటే: వ్యవధి పెరిగితే శక్తి పెరుగుతుంది, సగటు పెరుగుతుంది. అన్నకు ఆ సంగతి చెప్పలేదు. దాచాలని కాదు. అతను అడిగింది ఎత్తు, ఆమె చెప్పింది ఎత్తు.

"సరే, నువ్వు చెప్పాక ఇంకేముంది" అని అన్న లేచాడు.

అతనితోపాటు మెకానిక్ వెళ్లాడు. వెనక జేబులో ఎప్పుడూ ఒక పానా పెట్టుకుని తిరిగేవాడు కాబట్టి అతన్ని అందరూ పానా అనే పిలిచేవారు. అతని అసలు పేరు జీతాల కాగితం మీద తప్ప ఎక్కడా వినపడదు. తొమ్మిదింటికి పడవ రేవుగోడ దాటి వెళ్లిపోయింది.

పదకొండు నలభైకి రేడియోలో పానా గొంతు వినిపించింది. "గుండు లేచింది మేడం. గొలుసు కొలికి కాస్త అరిగింది. అది కూడా మార్చేసి బయల్దేరతాం." ఆ వెంటనే తెర మీద మూడో గీత పాకడం మొదలైంది. ఆమెకు ప్రాణం లేచొచ్చినట్టయింది. డైరెక్టరు గదిలోకి తొంగిచూసి చెయ్యి ఊపింది.

పన్నెండున్నరకు వచ్చిన కబురు పక్కన ఎర్ర గుర్తు ఉంది. గుండు నిటారుగా లేదు, బాగా ఒక పక్కకు వాలి ఉంది అని ఆ గుర్తుకు అర్థం. వాలిన గుండు చెప్పే ఎత్తు నమ్మదగింది కాదు. పడవను గుండుకు కట్టి పని చేసుకుంటున్నప్పుడు అలా వాలడం మామూలే. ఇంకా కొలికి మారుస్తున్నారనుకుంది. ఆ అరగంటకు ఎదురుగా 'చెల్లదు' అని రాసింది.

ఒంటిగంటకూ ఎర్ర గుర్తే వచ్చింది. మళ్లీ 'చెల్లదు' అని రాసి, క్యారియర్ విప్పింది. పొద్దున వదిన ఒకే పొయ్యి మీద వండి, మొగుడికొకటి, ఆడపడుచుకొకటి కట్టిచ్చిన క్యారియర్లు అవి. తింటూ కిటికీలోంచి చూసింది. రేవుగోడ మీద అలలు తెల్లగా పగులుతున్నాయి.

ఒంటిగంటన్నరకు వాలు కొంచెం తగ్గింది గానీ గుర్తు పోలేదు. రెండింటికి ఆమె రేడియో తీసి పిలిచింది. జవాబు లేదు. ఇంజను చప్పుడులో అన్నకు రేడియో వినపడకపోవడం కొత్తేమీ కాదు. రెండున్నరకు మళ్లీ పిలిచినప్పుడు మాత్రం ఆమె గొంతు మారింది. డైరెక్టరు గదిలోంచి బయటకొచ్చాడు. రక్షణ పడవ బయల్దేరింది. అది చేరేలోపే, తుఫానుకు భయపడి రేవుకు పరుగెత్తుతున్న చేపల పడవ ఒకటి ఆ దారినే వచ్చి, మూడింటికి గుండును కావలించుకుని ఉన్న మనిషిని చూసింది. ఒక్కడే ఉన్నాడు. పానా.

అన్న ఆరో రోజున, తుఫాను వెలిసాక, రెండు ఊళ్ల అవతల ఒడ్డుకు కొట్టుకొచ్చాడు.

పానా ఆసుపత్రి మంచం మీద నుంచే వదినకు చెప్పాడు. "ఎక్కణ్ణుంచి వచ్చిందో తెలీదక్కా. గోడ లేచినట్టు లేచింది. పడవ తిరగబడిపోయింది. అన్న ఆ దెబ్బకే పోయాడు. ఒక్క క్షణం. కష్టపడలా." వదిన ఆ మాటను పట్టుకుంది. పలకరించడానికి వచ్చిన ప్రతివాళ్లకూ అదే చెప్పింది. కష్టపడలేదట, ఒక్క క్షణమట. కొలతలమ్మ పక్కన కూర్చుని వింటూ ఉండేది. ఇంట్లో ఎవరూ ఆమెను ఒక్క మాట అనలేదు. అంటే బావుండునని ఆమెకు అనిపించేది.

విచారణ మొదలైంది. రేవు అధికారి మొదటి నివేదికలో నాలుగే వాక్యాలు రాశాడు. ఆ సమయానికి అలలు మూడు మీటర్లు. ఆ పడవ అంతకన్నా పెద్ద సముద్రాన్ని తట్టుకోగలదు. సరంగు పడవను అలకు అడ్డంగా నిలిపి ఉంటాడు. ప్రమాదానికి కారణం సరంగు అజాగ్రత్త. ఊళ్లో ముప్పై ఏళ్ల చుక్కాని పేరు నాలుగు వాక్యాల్లో పోయింది. జెట్టీ మీద మనుషులు గొంతు తగ్గించి మాట్లాడుకోవడం మొదలుపెట్టారు. వదిన ఆ కాగితం చదివి, మడిచి, డబ్బా కింద పెట్టి, "ఆయన అడ్డంగా పెట్టే మనిషేనా?" అని మాత్రం అడిగింది.

ఈలోపు పెద్ద పడవ ఒకటి వెళ్లి మూడో గుండును గొలుసుతో సహా ఎత్తుకొచ్చింది. దాని కడుపులో ఒక కార్డు ఉంటుంది. రేడియోలో పంపేది అరగంట సారాంశమే. క్షణక్షణం జరిగింది మొత్తం ఆ కార్డులో ఉంటుంది. డైరెక్టరు దాన్ని ఆమె బల్ల మీద పెట్టి, కుర్చీ లాక్కుని ఎదురుగా కూర్చున్నాడు. చెడ్డమనిషి కాదు. అంత్యక్రియల రోజు అందరికన్నా ముందొచ్చి అందరికన్నా ఆఖర్న వెళ్లాడు.

"మన లెక్కలు సరిచూసే పరిశీలకులు ఈ కార్డు ముందే చూశారు, అడుగుతున్నారు. ఆ మధ్యాహ్నం పన్నెండూ పదిహేడుకి ఒకే ఒక్క అల, ఆరు మీటర్ల ఎనభై. చుట్టూ మూడు మీటర్లుంటే మధ్యలో అదెలా వస్తుందంటున్నారు. కొలికి బిగించేటప్పుడు గుండును కుదిపి ఉంటారు, ఆ కుదుపే అంకెయిందని వాళ్ల అనుమానం. తీసేయమంటున్నారు."

"నిజంగా వచ్చి ఉంటే?"

"వచ్చి ఉంటే, ఇక్కడ మామూలు రోజున కూడా అలాంటివి వస్తాయని ఒప్పుకున్నట్టు. తుఫాను రోజున ఎంతొస్తుందో దాన్నిబట్టి కట్టాలి. యంత్రాలు రెండింతలు బలంగా కట్టాలి. అప్పుడిక ఎవరూ కట్టరు." అతను కళ్లు దించుకున్నాడు. "తుఫానుతో కలిపి సగటు ఇరవై ఒకటి వచ్చిందమ్మా. గట్టెక్కాం. ఆ అరగంటకు ఎదురుగా చెల్లదని నువ్వే రాశావు. నేను కొత్తగా ఏమీ చెరపమనట్లేదు. ఉన్నదాన్ని ఉన్నట్టు వదిలేయమంటున్నాను."

ఆమె ఆ మధ్యాహ్నం తలుపు వేసుకుని కార్డు తెరిచింది. కుదిపితే గీత సూదిలా లేచి సూదిలా పడుతుంది. ఇది అలా లేదు. ముందు నీళ్లు లోపలికి లాక్కున్నట్టు గీత కిందికి కుంగింది. తర్వాత ఎనిమిది సెకన్లపాటు లేచింది, లేచింది, ఇంకా లేచింది. శిఖరం దగ్గర ఒక్క క్షణం నిలిచి విరిగింది. అది అలే. అన్న తప్పు లేదు. ఆమె రెండు చేతులూ మొహానికి అడ్డం పెట్టుకుని చాలాసేపు కూర్చుంది.

అక్కడితో ఆపేసి ఉండాల్సింది. కానీ ఎర్ర గుర్తు ఎందుకొచ్చిందో చూడకుండా రికార్డు మూయడం ఆమెకు చేతకాదు. పడవ తిరగబడిన తర్వాత గుండుకు పడవ కట్టి లేదు కదా, మరి వాలింది దేనికి? వాలు గీతను తెర మీదకు తెచ్చింది. అల వెళ్లిన రెండు నిమిషాలకు గుండు ఒక పక్కకు బలంగా ఒరిగింది. అలాగే ఉండిపోయింది. ఒంటిగంటా ఆరు నిమిషాలకు ఆ వాలు ఒక్కసారిగా సగమైంది. ఆ సగం వాలు మూడింటిదాకా ఉంది. మూడింటికి, పానాను పడవలోకి లాగిన నిమిషంలో, గుండు నిటారుగా లేచింది.

సగం వాలు ఒక మనిషి బరువు. మరి మొత్తం వాలు ఎంతమందిదో చెప్పడానికి చదువు అక్కర్లేదు.

ఆమె కాగితం మీద గీత అచ్చు తీసుకుని పానా ఇంటికి వెళ్లింది. అతను ముందుగదిలో కింద కూర్చుని ఏదో పంపు విప్పుతున్నాడు. విప్పిన ముక్కల్ని వరసగా గుడ్డ మీద పెట్టుకుంటున్నాడు. ఆమె ఆ వరస పక్కనే కాగితం పరిచి, వేలితో చూపించింది. పానా చదువుకున్నవాడు కాదు గానీ గుండ్ల సంగతి ఆమెకన్నా ఎక్కువే తెలుసు. చేతిలోని ముక్క కింద పెట్టేశాడు.

"ఇది కూడా రాస్తుందా అది?" అన్నాడు.

"రాస్తుంది. ఎంతసేపున్నాడు?"

"మీకు తెలిసిందిగా."

"నువ్వు చెప్పు."

అతను గుడ్డ అంచు మడత పెట్టి, మళ్లీ విప్పాడు. "ఇద్దరం పట్టుకున్నాం. గుండుకు పట్టుకునే కడ్డీ ఒకవైపే ఉంది కదా. మొదట్లో జోకులేశాడు. మా చెల్లెలు చూస్తూనే ఉంటుందిరా, గుండు ఒరిగితే దానికి తెలుస్తుంది, ఇంకాసేపట్లో ఎవరినో పంపుతుందన్నాడు. ఆ మాట చాలాసార్లు అన్నాడు. తర్వాత మాట్లాడ్డం తగ్గింది. చేతులు తెలీట్లేదురా అన్నాడు. నేను అన్నను పట్టుకోలా మేడం. ఒక చెయ్యి వదిలి పట్టుకుని ఉండాల్సింది. వదిలితే నేనూ పోతానని భయమేసింది. చూస్తూనే ఉన్నాను, జారిపోయాడు."

అతని భార్య మంచినీళ్లు తెచ్చి గుమ్మంలోనే నిలబడిపోయింది.

"అక్కకు చెప్పొద్దు మేడం" అన్నాడు పానా. "ఒక్క క్షణమే అని ఆవిడ కాస్త నిద్రపోతోంది."

రక్షణ పడవ ఆ సముద్రంలో ఆ గుండును చేరడానికి ముప్పై నుంచి నలభై నిమిషాలు పడుతుంది. పన్నెండున్నరకు ఎర్ర గుర్తు వచ్చింది. అప్పుడే పిలిచి ఉంటే ఒంటిగంటకో, ఒంటిగంటా పదికో చేరేది. ఆరు నిమిషాలు ముందో, నాలుగు నిమిషాలు వెనకో. ఇంటికి నడుస్తూ ఆమె ఆ లెక్క వేసింది. ఆ తర్వాత ఏళ్లతరబడి అదే లెక్క వేసింది. ఎన్నిసార్లు వేసినా జవాబు ఆ రెండింటి మధ్యే ఊగేది.

రికార్డు ఇవ్వకపోతే అన్న పేరు చెడిపోయినట్టే ఉంటుంది. ఇస్తే అల నిజమని తేలాలి. అల నిజమని తేలాలంటే ఎర్ర గుర్తు ఎందుకొచ్చిందో కూడా తేలాలి. ముక్కలు చేసి ఇవ్వడానికి కుదరదు. విచారణ గదిలో ఎవరో చదువుతుంటే వదిన వినడం కన్నా తన నోటితో చెప్పడమే నయమనుకుంది.

మర్నాడు పొద్దున అన్న ఇంటికి వెళ్లేసరికి వంటింట్లో వదిన గిన్నెలు బోర్లిస్తోంది. ఆమె గుమ్మానికి ఆనుకుని మొత్తం చెప్పింది. వ్యవధి పదిహేనుకు పెరిగిన సంగతి దగ్గర్నుంచి చెప్పింది.

"ఎంతసేపు?" అంది చివరికి.

"నలభై ఏడు నిమిషాలు."

"ఆ టైముకి నేను దుప్పట్లు ఉతికి ఆరేస్తున్నాను. గాలికి నిలవట్లేదని విసుక్కున్నాను." చెయ్యి తుడుచుకుంది. "నువ్వేం చేస్తున్నావు?"

"నువ్వు కట్టిచ్చిన క్యారియర్ తింటున్నాను వదినా."

వదిన ఇంకో గిన్నె తీసి బోర్లించింది. "చూస్తుంటుందని అన్నాడన్నమాట" అంది. ఆ గొంతులో కోపం లేదు. ఆ మాటను తనకు తాను అప్పజెప్పుకుంటున్నట్టు ఉంది. కాసేపటికి, "రోజూ రాకు కొన్నాళ్లు. నేను పిలుస్తాను" అంది.

విచారణలో కొలతలమ్మ మూడు గంటలు మాట్లాడింది. చెల్లదని రాసింది ఎవరని అడిగితే నేనే అంది. ఎందుకు పిలవలేదని అడిగితే పడవ కట్టి ఉందనుకున్నాను అంది. పానా కూడా నిలబడి ఉన్నదున్నట్టు చెప్పాడు. రేవు అధికారి మొదటి నాలుగు వాక్యాలూ కొట్టేసి, సరంగు తప్పేమీ లేదని రాశాడు. దాని కింద, కొలతల ఆఫీసుకు సకాలంలో సూచన అందినా గమనించలేదని కూడా రాశాడు. రెండూ నిజమే.

అల లెక్కలో నిలిచింది. పరిశీలకుల చివరి నివేదిక రెండు నెలల తర్వాత వచ్చింది. ఈ తీరంలో శక్తి సమృద్ధిగా ఉంది, దాన్ని తట్టుకునే యంత్రం ఇప్పటికి లేదు అన్నది దాని సారాంశం. పని ఆపేశారు. యంత్రాల మీద ఆశ పెట్టుకున్నవాళ్లు ఆమెను తిట్టలేదు గానీ మెట్ల మీద ఎదురైతే పలకరించడం మానేశారు. ఒకరిద్దరు మాత్రం ఆమెకు వినపడేలా, "ఒక్క అంకె విషయంలో ఊరుకుని ఉంటే సరిపోయేది" అనుకున్నారు. డైరెక్టరు బదిలీ మీద వెళ్తూ ఆమెకు వేరే తీరంలో ఉద్యోగం చూపించాడు. ఆమె ఒప్పుకుంది. ఒప్పుకునే ముందు ఒకటి అడిగింది. గుండు వాలితే ముందు రక్షణ పడవను పిలవాలి, ఆ తర్వాతే చెల్లదని రాయాలి అని నిబంధన పెట్టాలని. సరేనన్నాడు.

ఆఫీసు ఖాళీ చేస్తున్న రోజు మధ్యాహ్నం వదిన మెట్లెక్కి వచ్చింది. అన్ని నెలల్లో ఒక్కసారి కూడా పిలవని మనిషి. గదిలో ఒక బల్ల, రెండు అట్టపెట్టెలు తప్ప ఏమీ లేవు. కింద రంపం తిరుగుతోంది.

"ఆ కాగితం ఉందా?" అంది.

కొలతలమ్మ పెట్టె విప్పి తీసిచ్చింది. వదిన దాన్ని బల్ల మీద పరిచి చేత్తో మడతలు సాపు చేసింది. ఏది ఏమిటో అడిగింది. ఇది అల, ఇది వాలు, ఇవి నిమిషాలు అని ఆమె చూపించింది. వదిన గీత మొదట్లో వేలు పెట్టి, మెల్లగా, ఒక్కో నిమిషం దగ్గరా ఆగుతూ జరుపుకుంటూ వెళ్లింది. వాలు సగమైన చోట వేలు ఆపింది.

"ఇక్కడిదాకా ఉన్నాడు" అంది.

"ఇక్కడిదాకా" అంది కొలతలమ్మ.

వదిన వేలు వెనక్కి తీసుకుని, మళ్లీ మొదటి నుంచి జరపడం మొదలుపెట్టింది. పెట్టెలు మోయడానికి వచ్చినవాళ్లు గుమ్మంలో ఆగారు. కొలతలమ్మ వాళ్లను కాసేపు ఆగమని చేత్తోనే సైగ చేసింది.